బెత్తెడు కేబుల్

జూన్ 8, ఆదివారం

కేబుల్ తెగింది. మహిత చెవి వెనక ఉండే మిషనుకీ, జుట్టులో అయస్కాంతంతో అతుక్కునే బిళ్ళకీ మధ్య ఉండే కేబుల్. బెత్తెడు కూడా ఉండదు. మూడేళ్ళ కిందట ఆపరేషన్ చేసి తల లోపల పెట్టినదానికి ఏమీ కాలేదు, బయటి మిషనుకూ ఏమీ కాలేదు, మధ్యలో ఈ పోగుకు వచ్చింది రోగం. అది లేకపోతే నా బిడ్డకు పక్కన బాంబు పేలినా వినపడదు.

మా ఇంట్లో ఆ మిషను పేరే చెవి. "చెవి చార్జింగులో పెట్టినావా?" "చెవి యాడ పడేసినావు?" కొత్తవాళ్ళు వింటే మా అందరికీ పిచ్చి అనుకుంటారు.

తిరుపతికి, మహితకు మాటలు నేర్పే రూపశ్రీ మేడానికి ఫోన్ చేశాను. ఆదివారమైనా ఎత్తింది, పుణ్యాత్మురాలు. ఈ మోడల్ పాతబడిపోయిందట. కేబుల్ చెన్నై నుంచి తెప్పించాలట. నాలుగైదు వారాలు పట్టొచ్చట. వారాలు! గురువారం బడి తెరుస్తారు, ఒకటో తరగతి. "అంతదాకా నా బిడ్డ ఏం చెయ్యాల మేడం?" అన్నాను. "చూద్దాం లెండి" అని మాత్రం అంది. వినడం ఆగిపోతే వచ్చిన మాటలు జారిపోతాయని మొదట్లో చెప్పింది ఆమే. మళ్ళీ ఇప్పుడు ఎందుకు చెప్పడం అనుకున్నట్టుంది.

ఫోన్‌లో వెతికితే ఆన్‌లైన్‌లో దొరికింది. అదే కంపెనీ పేరు, అదే నంబరు, అదే బొమ్మ. నాలుగు రోజుల్లో ఇంటికి. ధర సగం కూడా లేదు. మా ఆయన ధర్మేంద్ర చూసి, "ఇంత తక్కువకెట్ల ఇస్తాడు మే?" అన్నాడు. మధ్యలో డీలర్లు తినేది లేదు కాబట్టి ఇస్తాడు, ఆ మాత్రం తెలియదా అన్నాను. బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి, ఒక్క కాయ కోసి చూసి ట్రాక్టర్లు వెనక్కి పంపే ఉద్యోగం నాది. సరుకు మంచీచెడ్డా నాకు ఆర్టీసీ డ్రైవరు చెప్పాలా?

ఆర్డర్ పెట్టేశాను.

జూన్ 10, మంగళవారం

పిలిస్తే తిరగదు. భుజం తట్టాలి. తట్టిన ప్రతిసారీ ఉలిక్కిపడుతోంది.

జూన్ 12, గురువారం

వచ్చింది! బడి తెరిచే రోజు పొద్దున్నే వచ్చింది. దేవుడున్నాడు.

డబ్బా భలే ఉంది. మీద ఒరిజినల్ అని మూడు చోట్ల వేశారు. కంపెనీ పేరులో ఒక అక్షరం తగ్గినట్టు అనిపించింది. లక్షల డబ్బాలు అచ్చు వేసేవాళ్ళకు అక్షరాలు చూసుకునే తీరిక ఎక్కడుంటుంది? కేబుల్ పాతదానికంటే కొంచెం బిరుసుగా ఉంది. కొత్తది కదా, వాడితే మెత్తబడుతుంది. మొన మిషనులోకి దిగడానికి గట్టిగా నొక్కాల్సి వచ్చింది.

మా అత్త నిర్మలమ్మ పక్కనే నిలబడి ఊపిరి బిగబట్టి చూస్తోంది. "పెట్టు మే, బెరీన పెట్టు" అంటుంది. బిళ్ళ అతికించాను. మహిత కళ్ళు పెద్దవి చేసింది. అత్త ఆ చెవి దగ్గరికి వంగి, "నా బంగారూ, ఇనపడతాండాదా?" అని అడిగింది. పిల్ల నవ్వి, "ఊ, అవ్వా" అంది.

ముగ్గురమూ ఏడ్చాం. బస్సుకు టైమైపోయిందని నేను ఏడుస్తూనే పరిగెత్తాను.

జూన్ 13, శుక్రవారం

ఆన్‌లైన్ మాటెత్తి ధర్మేంద్రను నాలుగు దెప్పులు దెప్పాను. హాయిగా ఉంది.

జూన్ 19, గురువారం

మహిత మాట కొంచెం తేడాగా ఉంది. "చూడు" అనమంటే "ఊడు" అంటుంది. "చెప్పు" అంటే "ప్పు". "చెవి" అంటే "వి". రెండు వారాల కిందట ఇవన్నీ శుభ్రంగా అనేది. నాలుగు రోజులు చెవి లేకుండా ఉంది కదా, దాని ప్రభావం. సర్దుకుంటుంది.

తుడుస్తుంటే కేబుల్ మీద కంపెనీ అక్షరాలు గుడ్డకు అంటుకుని వచ్చేశాయి. కొబ్బరినూనె తగిలి ఉంటుంది.

జూన్ 23, సోమవారం

బడి నుంచి భానుప్రియ టీచర్ ఫోన్ చేసింది. పిలిస్తే పలకడం లేదట, ఒకటి అడిగితే ఒకటి చెబుతోందట. "పోయిన సంవత్సరం యూకేజీలో బాగుండెనే? మీరేమైనా డాక్టరుకు సూపిస్తా ఉండారా?" అని అడిగింది. ఆ గొంతులో జాలి ఉందే, దానికంటే రెండు తిట్లు నయం.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మహిత అవ్వ ఒళ్ళో కూర్చుని ఉంది. అత్త దాని చెవి పక్కన నోరు పెట్టి తోటలో కోతి కథ చెబుతోంది. "కోతి ఏం జేసినాదో సూడు, కాయ కొరికి సీ అనింది, సెట్టు దిగి సెంగున దూకింది." పిల్ల కదలకుండా వింటోంది. "సీ!" అని పకపకా నవ్వుతోంది. కథ మొత్తం దానికి అర్థమవుతోంది. నేను "మహీ, చెప్పులు తీసి పెట్టు" అని పిలిస్తే తల తిప్పి అయోమయంగా చూసింది.

అప్పుడు వెలిగింది నాకు. క్లినిక్‌లో చూడు. ఇంట్లో సూడు. అక్కడ చెప్పు, ఇక్కడ సెప్పు. చెవి, సెవి. పాపం ఆ పసిబుర్రకు ఏది సరైనదో తేలక, గొడవెందుకని ముందక్షరమే వదిలేస్తోంది. "ఊడు", "ప్పు", "వి"! రూపశ్రీ మేడం కూడా ఎప్పుడో, ఇంట్లో అందరూ ఒకేలా పలికితే పిల్లకు సులువని అంది. ఎంత తేలికైన సంగతి, ఇన్నాళ్ళూ నాకెందుకు తట్టలేదో.

జూన్ 26, గురువారం

చెప్పేశాను. చెప్పక తప్పలేదు.

అన్నం తిన్నాక, "అత్తా, ఒక మాట చెప్తాను, తప్పుగా అనుకోవద్దు" అన్నాను. నా మాటల్లో ఎక్కడా కటువు లేదు. పిల్ల మాట చెడిపోతోందని, రెండు రకాలు వింటే దానికి పట్టుబడదని, కొన్నాళ్ళు దాని దగ్గర సూడు, సెప్పు అనకుండా ఉండమని అడిగాను.

"మరి ఏమనాలమ్మా?" అంది.

"చూడు. చెప్పు."

"అదే గదా నేననేది. సూడు."

"అది కాదత్తా. చూ. చూ."

ఆమె నోరు సున్నాలా చుట్టి, నాలుగు సార్లు ప్రయత్నించి, నవ్వేసింది. "నా నాలికకు రాదు పో. అరవై ఏండ్ల నాలిక ఇది." నాకు నవ్వు రాలేదు. పిల్ల భవిష్యత్తు గురించి మాట్లాడుతుంటే నవ్వేమిటి? "రాకపోతే దానితో మాట్లాడొద్దు, అంతే. ఎన్నిసార్లు సెప్పాల?" అని అరిచాను.

ధర్మేంద్ర తలుపు దగ్గర నుంచి, "ఇప్పుడు నువ్వేమన్నావు? సెప్పాలనా, చెప్పాలనా?" అన్నాడు.

ఆ వెటకారానికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను తిరుపతిలో పుట్టి, మైక్రోబయాలజీ చదివి, కోపంలో ఒకసారి నోరు జారితే అది ఒక లెక్కా? కానీ నేనక్కడ చూసింది అత్త ముఖం. ఆమె నవ్వు అలాగే ఆగిపోయి ఉంది.

"సరేమ్మా" అంది. "బిడ్డ బాగుంటే సాలు."

సాలు.

జూన్ 29, ఆదివారం

అత్త మహితతో మాట్లాడటం లేదు. అన్నం పెడుతుంది, జడ వేస్తుంది, నోరు మాత్రం తెరవదు. మహిత వెళ్ళి ఒళ్ళో కూర్చుంటే వీపు నిమురుతుంది. పిల్ల ఆమె గడ్డం పట్టుకుని "కోతి? కోతి?" అంటుంది. అత్త నా వైపు చూసి, టీవీ చూపిస్తుంది.

నాకూ బాధగానే ఉంది. అయినా కొన్నాళ్ళు తప్పదు.

జూలై 3, గురువారం

అత్త ఊరికి వెళ్ళింది. తోటలో కోతలు, మనిషి ఉండాలి అంది. నిజమే, ఈ ఏడు కాయను అడిగేవాడు లేడు. మా ఫ్యాక్టరీ ముందర హైవే పొడుగునా ట్రాక్టర్లు రోజుల తరబడి నిలబడి ఉన్నాయి. తోట కౌలుకిచ్చిన సంగతి నాకు తెలియదనుకుందో ఏమో. ఉండనీ. ఆమెకూ కాస్త మార్పు.

మహిత బస్సు వెళ్ళిన వైపే చూస్తూ నిలబడింది. పిలిస్తే రాలేదు. ఎత్తుకుని వచ్చాను.

జూలై 6, ఆదివారం

పిల్లకు మెడ పట్టేసినట్టుంది. మెడ తిప్పదు. పక్కకు చూడాలంటే మనిషంతా తిరుగుతుంది, కాళ్ళతో సహా. నూనె కాచి రాశాను. రాస్తుంటే నొప్పి అనలేదు. తల నా రెండు చేతుల్లో పట్టుకుని మెల్లగా ఇటూ అటూ తిప్పితే మాత్రం నా చేతులు విదిలించి గట్టిగా కళ్ళు మూసుకుంది.

మొండితనం కూడా ఎక్కువైంది.

జూలై 9, బుధవారం

ఈరోజు కొట్టాను. "చూడు" అని పది సార్లు చెప్పాను, పది సార్లూ "డు" అంది. చెంప మీద. బిళ్ళ ఊడి కింద పడింది.

అంతకంటే రాయలేను.

జూలై 10, గురువారం

మాట పెరగలేదు. తగ్గుతోంది. "అమ్మా" కూడా "మ్మా" అయింది. అవ్వ వెళ్ళి వారమైంది. ఇంట్లో ఇప్పుడు అన్నీ చక్కటి మాటలే. మరి?

జూలై 14, సోమవారం

తిరుపతి వెళ్ళాము. అడిగి సెలవు పెట్టాను. సీజన్‌లో సెలవా అని మేనేజరు మునికృష్ణ ముఖం మాడ్చాడు, మాడ్చనీ.

రూపశ్రీ మేడం మహితను కుర్చీలో కూర్చోబెట్టి, తానే వెనక నిలబడి, నోటికి అట్ట అడ్డం పెట్టుకుని ఒక్కో శబ్దం పలికింది. ఆ. ఊ. ఈ. మ్. శ్. స్. మహిత కదలకుండా కూర్చుని ఆరూ చెప్పింది. ఆరూ! స్ కూడా. నేను నోరు తెరిచి చూస్తున్నాను. ఇంట్లో నా ప్రాణం తీస్తూ ఇక్కడ ఎట్లా చెబుతోంది?

"బాగానే వింటోందే" అంది మేడం. అని గది అవతలికి నడిచి, అక్కడి నుంచి "మహితా" అని పిలిచింది. పిల్ల కుర్చీ దిగి, బొమ్మలాగా మనిషంతా తిరిగింది.

మేడం ముఖం మారిపోయింది. "ఎప్పటి నుంచి ఇట్ల తిరగతా ఉంది?"

"మెడ పట్టింది మేడం. నూనె రాస్తున్నాను."

ఆమె మిషనును కంప్యూటరుకు తగిలించి, మహిత గడ్డం పట్టుకుని తలను మెల్లగా పక్కకు తిప్పింది. స్క్రీన్ మీద పచ్చగా ఉన్న గీత ఎర్రబడింది. తలను మళ్ళీ మధ్యకు తెచ్చింది. కాసేపాగి పచ్చబడింది. ఇంకోసారి తిప్పింది. ఎరుపు.

"ఈ కేబుల్ ఎక్కడ కొన్నారు ప్రశాంతి గారూ?"

నా పేరు ప్రశాంతి అని ఎవరు పెట్టారో కానీ, ఆ ప్రశ్నతో నాకున్న కాస్త ప్రశాంతతా పోయింది. ఆన్‌లైన్ అన్నాను. అసలుదే మేడం, డబ్బా మీద కూడా ఉంది అన్నాను. తెగిపోయిన పాత కేబుల్ నా సంచిలోనే ఉంది. తీసి ఇచ్చాను. ఆమె రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టింది. పాతదాని మీద అక్షరాలు చెక్కినట్టున్నాయి, మూడేళ్ళకూ చెరగలేదు. కొత్తదాని మీద అక్షరాలే లేవు, నేనే తుడిచేశాను. పాతదాని మొన దగ్గర మెత్తటి తొడుగు ఉంది, వంచితే మొత్తం కలిసి వంగుతుంది. కొత్తదానికి ఆ తొడుగు బొమ్మ లాగా పైకి మాత్రమే ఉంది, లోపల తీగ వదులుగా కదులుతోంది. ఇంత పక్కన పెడితే కళ్ళు లేనివాళ్ళకు కూడా తెలుస్తుంది. నేను ఎప్పుడూ పక్కన పెట్టి చూడలేదు.

డబ్బా సంగతి మళ్ళీ చెప్పాను, ఒరిజినల్ అని మూడు చోట్ల ఉందని.

"అసలుదాని మీద ఒరిజినల్ అని ఎక్కడా ఉండదమ్మా" అంది. గొంతులో కోపం లేదు. అదే భరించలేకపోయాను.

మిషను మీద ఒక లైటు ఉంటుంది, లైను పోతే వెలుగుతుంది. పోయిన ఏడు పిల్లలు ఎగతాళి చేస్తున్నారని మేమే అడిగి అది ఆపించాము.

"చూడండి" అని మేడం నెమ్మదిగా చెప్పింది. "మనం పిలుస్తాము. పాప తిరుగుతుంది. తిరగడంతోనే లైను పోతుంది. మళ్ళీ కలిసేసరికి మన మాట సగం అయిపోతుంది. ఆమెకు వినపడేది చివర ముక్కే. 'చూడు' అంటే 'డు'. తను విన్నదే తను చెబుతోంది. అందుకే మెడ తిప్పడం మానేసింది. ఎవరూ చెప్పకుండానే కనిపెట్టుకుంది, తెలివైన పిల్ల."

పిల్ల కనిపెట్టింది. చెప్పడానికి మాట లేదు దానికి. నేను నూనె రాశాను. చెంప మీద కొట్టాను.

"మరి మా అత్త... సూడు, సెప్పు అంటుంది కదా, దానివల్ల పిల్ల తికమక..." అని గొణిగాను. మేడం అర్థం కానట్టు చూసింది. "యాసతో ఏముందండీ? పిల్లకు మాటే కదా కావాల్సింది. అవ్వ బాగా మాట్లాడుతుందా? ఎంత ఎక్కువ మాట్లాడితే అంత మంచిది. మాట్లాడిస్తున్నారు కదా?"

ఊ అన్నాను.

చిత్తూరు బస్సులో మహిత నా ఒళ్ళో నిద్రపోయింది. దాని తల కదలకుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను.

జూలై 15, మంగళవారం

ఒక్క సంగతి రాసి పడుకుంటాను. అవ్వ ఒళ్ళో ఉంటే మహిత తల కదిలేది కాదు. అవ్వ నోరు చెవి పక్కనే. ఆ కోతి కథ మొదటి నుంచి చివర దాకా వినపడి ఉంటుంది దానికి. ఇన్ని రోజుల్లో పిల్లకు పూర్తి మాట వినపడిన చోటు ఇంట్లో అదొక్కటే. దాన్ని మూసేసింది నేను.

జూలై 17, గురువారం

ఆ ఆన్‌లైన్ వాళ్ళతో చాటింగు చేశాను. మనిషో యంత్రమో తెలియదు. వెనక్కి ఇచ్చే గడువు దాటిపోయిందన్నాడు. ఇది నకిలీ అన్నాను. మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము అన్నాడు. నా బిడ్డకు వినపడటం లేదు అన్నాను. మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము. నకిలీ అని తెలిసేలా ఫోటో పంపమన్నాడు. తీసి పంపాను. ఫోటోలో అది అచ్చంగా కేబుల్ లాగే ఉంది.

అమ్మినవాడి పేరు నొక్కితే ఇప్పుడు అక్కడ వేరే పేరుంది. అదే బొమ్మ, అదే ధర. కింద ఎవరో తల్లి ఒక ప్రశ్న పెట్టింది, ఇది అసలుదేనా అండీ, మా బాబుకు నాలుగేళ్ళు అని. కాదమ్మా, కొనవద్దు అని జవాబు రాశాను. పరిశీలనలో ఉంది అని వచ్చింది. గంట గంటకీ తెరిచి చూస్తున్నాను. ఇంకా పరిశీలనలోనే ఉంది. ఆమె కొనేసి ఉంటుంది.

ధర్మేంద్ర ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే బాగుండేది, నేను కూడా నాలుగు అనేదాన్ని.

జూలై 21, సోమవారం

అసలు కేబుల్‌కు మేడం అర్జెంటు పెట్టింది. ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పరు. అంతదాకా నకిలీదాన్ని చెవి వెనక కదలకుండా మందుల షాపు ప్లాస్టరుతో అతికిస్తున్నాను. చర్మం ఎర్రబడింది. పోనీ తీసేద్దామంటే మహిత ఒప్పుకోదు. రెండు చేతులతో గట్టిగా పట్టుకుంటుంది. సగం మాటైనా దానికి కావాలి.

దాని చెవిలో ఏం వినపడుతోందో నాకెప్పటికీ తెలియదు. దాని జ్వరం నా చేతికి తెలుస్తుంది, దాని ఆకలి ముఖం చూస్తే తెలుస్తుంది, ఇది మాత్రం తెలియదు. ఎంత తల్లినైతే ఏం లాభం?

గేటు దగ్గర ఈరోజు ఒక రైతు, "ఇంకొక కాయ కోసి సూడు తల్లీ, ఒక్క కాయ సూసి అంతా సెడ్డదంటే ఎట్లా" అన్నాడు. అతని ట్రాక్టరును లోపలికి పంపేశాను. మునికృష్ణ అరిచాడు. అరవనీ.

జూలై 23, బుధవారం

అత్తకు ఫోన్ చేశాను. కేబుల్ దొంగదని, తప్పంతా దానిదేనని చెప్పాను. "అయ్యో, బిడ్డకు నొప్పేమన్నా పుడతాండాదా?" అని అడిగింది. లేదన్నాను. నువ్వు వచ్చెయ్ అన్నాను. "వస్తాలేమ్మా, ఈడ పనుండాది" అంది.

నీ మాటదేమీ తప్పు లేదత్తా అని చెప్పాలనుకున్నాను. సిగ్నల్ పోయింది. మళ్ళీ చేసి ఉండొచ్చు. చేయలేదు.

జూలై 30, బుధవారం

వచ్చింది.

చాలాసేపు డబ్బా తెరవలేదు. తెరిచాక కేబుల్ మీద అక్షరాలు చదివాను. గోటితో గీకాను, చెరగలేదు. మొన వంచి చూశాను. ఒరిజినల్ అని ఎక్కడా లేదు. ఆ లేకపోవడాన్ని చూసి అంత సంతోషం వేస్తుందని ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు.

పెట్టాను. వెనక్కి వెళ్ళి, తలుపు పక్కన నిలబడి "మహితా" అన్నాను. మెడ తిప్పింది. మెడ ఒక్కటే!

"ఏందిమ్మా?" అంది.

నేను ఇంకోసారి పిలిచాను. అది అటు చూసి, ఇటు చూసి, తలను రెండు వైపులా ఊపి చూసుకుంది, ఇంకోసారి ఊపింది, పకపకా నవ్వింది. తరువాత ఇల్లంతా కలియజూసి అడిగింది. "అవ్వ యాడ?"

ఒక్క అక్షరం పోలేదు.

ఆగస్టు 2, శనివారం

డ్యూటీ అయ్యాక మహితను తీసుకుని ఊరికి వెళ్ళాను. అత్త పంపు దగ్గర బట్టలు జాడిస్తోంది. మహిత నా చెయ్యి విడిపించుకుని పరిగెత్తింది. "అవ్వా! అవ్వా! సెవి సూడు! కొత్త సెవి!"

ఆ స అంత స్పష్టంగా ఎప్పుడూ వినలేదు నేను. అత్త తడి చేతులతోనే దాన్ని ఎత్తుకుని ముద్దులు పెట్టింది. తరువాత నన్ను చూసింది. పిల్లను కిందికి దించింది.

"సెవి కాదు బంగారూ" అంది. నోరు చుట్టి, ఆగి, ఒక్కో అక్షరం పైకి తెచ్చింది. "చె... వి. చూ... డు."

చక్కగా వచ్చింది. ఎక్కడా తప్పు లేదు.

"ఎట్ల అత్తా?" అన్నాను.

"నేర్సుకుంటాండా..." అని నాలుక కరుచుకుంది. "నేర్చుకుంటాండా. పక్కింటి రామచంద్ర కూతురు సెప్పి... చెప్పిచ్చింది. బిడ్డతో మాట్లాడల్ల గదమ్మా."

ఆమె నా ముఖంలోకి చూస్తోంది, బాగా చెప్పానా అన్నట్టు. పరీక్ష రాసిన పిల్లలాగా. నేను ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను. "అత్తా, నాది తప్పు. నీ మాటకేమీ లేదు. నువ్వెట్ల మాట్లాడతావో అట్లే మాట్లాడు, నాకు అదే కావాల, బిడ్డకు అదే కావాల. సూడు అను. సూడు." నా నోట్లో అది ఎంత కృతకంగా ఉందో. ఎగతాళి చేసినట్టుంది.

"సరేమ్మా" అంది. ఆ రోజు అన్నట్టే అంది.

మా వెంట బయలుదేరింది. బస్సులో మహిత కిటికీలోంచి చెట్లు, బస్సులు, బర్రెలు చూపిస్తూ "అవ్వా, సూడు" అంటూనే ఉంది. అత్త ప్రతిసారీ మెల్లగా, "చూడు" అని దిద్దింది. చిత్తూరు వచ్చేసరికి మహిత కూడా "చూడు" అంటోంది.

ఆగస్టు 3, ఆదివారం

ధర్మేంద్రకు ఈరోజు సెలవు. టిఫిన్లయ్యాక తల్లీ కొడుకూ వరండాలో కూర్చున్నారు. మహిత అవ్వ ఒళ్ళో ఉంది. నేను వంటింట్లో ఉన్నాను. అత్త గొంతు ఎన్నాళ్ళకో ఇల్లంతా వినపడుతోంది. "ఆ కోతి సూడు రా, సెట్టు దిగి సావిట్లోకొచ్చి కూసునింది, సెంబు ఎత్తుకొని..." ధర్మేంద్ర పెద్దగా నవ్వుతున్నాడు. పిల్ల "సెంబు! సెంబు!" అని చప్పట్లు కొడుతోంది.

పొయ్యి ఆపేశాను. నాకు ఎంత సంతోషమైందంటే, చెయ్యి కూడా తుడుచుకోకుండా వరండాలోకి వచ్చాను. నేనూ వినాలి ఆ కథ. ఇన్నేళ్ళలో నేను ఒక్కసారి కూడా కూర్చుని వినలేదు.

నన్ను చూసి అత్త కథ ఆపింది. చీర సర్దుకుంది. పక్కకు జరిగి చోటిచ్చింది.

ఈ ఇంటికి కోడలిగా వచ్చిన రోజు నుంచి ఆమె నన్ను "రా మే, కూసో" అనే అనేది. ఈరోజు, "రామ్మా, కూర్చో" అంది. తప్పు లేకుండా అంది.

కూర్చున్నాను.